మంచాన పడ్డ ప్రసంగం

మా జిల్లా పెద్దాసుపత్రికి నాణ్యత పతకం వచ్చిన తరువాత, నంబరు లేనిదేదీ గేటు లోపల ఉండకూడదని సూపరింటెండెంటు గోవర్ధనం గారు ఉత్తర్వు వేశారు. మంచి ఉత్తర్వే. చిక్కల్లా ఏమిటంటే, ఆసుపత్రిలో నంబర్లు ఇచ్చే కంప్యూటరు ఒక్కటే, అది రోగుల కోసం కొన్నది. దానికి రోగి తప్ప మరో ప్రాణి తెలియదు. అందుకని కుర్చీలూ బీరువాలూ ఫ్యాన్లూ ఒకటొకటిగా ఓపీ చీటీలు తీసుకున్నాయి. మెట్ల దగ్గర గోడ గడియారం చాలాకాలంగా నడవడం లేదు. దానికి పక్షవాతమని రాశారు. క్యాంటీను నుంచి డాక్టర్ల గదికి వెళ్ళే టీ ఫ్లాస్కు రోజూ పొద్దున మాతోపాటు వరసలో ఉండి, జ్వరమని రాయించుకుని లోపలికి పోయేది.

మాకు ఇవేవీ వింతగా అనిపించలేదు. వరస కదిలితే చాలనుకునేవాళ్ళం.

నా పేరు వీరాయమ్మ. నాకు కీళ్ళవాతం. వేళ్ళు వంకర్లు పోయాయి. నేను బడికి పోలేదు గాని, పచారీ కొట్టు పొట్లాల కాగితాలు కూడబలుక్కుంటూ చదవడం నేర్చుకున్నాను. అందువల్ల నాకు చాలా కథల మధ్యభాగాలు తెలుసు, మొదలూ చివరా తెలియవు. చివర్లు తెలియకపోవడం ఒకందుకు మేలే. విడిపోవడాలంటే నాకు చెడ్డ భయం. బస్సులో పక్కన కూర్చున్న మనిషి దిగిపోయినా ఆ తరువాత ఊరు వచ్చేదాకా నా మనసు మనసులో ఉండదు. మా ఆయన టీ తాగి వస్తానని వెళ్ళి, ఆ టీకొట్టు బల్ల మీదే పోయాడు. అప్పట్నుంచి ఎవరైనా ఇప్పుడే వస్తానంటే నాకు కాళ్ళాడవు.

అలాంటిదాన్ని ఆసుపత్రి బల్ల మీద సువార్తమ్మతో స్నేహం చేసుకున్నాను. ఆమెకి షుగరు. చూపు మసకబారింది. కానీ చిన్నప్పట్నుంచీ పొగాకు కంపెనీలో ఆకు ఏరిన వేళ్ళు, ఇప్పటికీ చురుగ్గా ఆడతాయి. మా ఊరు జిల్లాకి ఆ కొస, వాళ్ళ ఊరు ఈ కొస. కలిసేది గురువారం ఓపీలోనే. దీర్ఘరోగాల వాళ్ళకి మందులు వారానికే ఇస్తారు. నేను ఆమె బిళ్ళల పేర్లు చదివి పొద్దుటివీ రాత్రివీ వేరుచేసి చెబుతాను. ఆమె వాటిని రెండు పొట్లాలు కడుతుంది, పొద్దుటి పొట్లానికి గుర్తుగా ఒక ముడి వేస్తుంది. ఆ తరువాత నా బిళ్ళలన్నీ రేకుల్లోంచి నొక్కి తీసి, నేను మోచేత్తో తెరుచుకోగల డబ్బాలో పోస్తుంది. వారానికి సరిపడా ఇద్దరం బతుకుతాం.

పతకం వచ్చిన ఊపులో ఇంకో నోటీసు అంటించారు. నేనే బల్ల మీదివాళ్ళకి చదివి వినిపించాను.

"ఇందుమూలముగా యావన్మంది దీర్ఘకాలిక రోగులకు తెలియజేయడమేమనగా, వ్యాధుల పరస్పర సాంగత్యమును నివారించు నిమిత్తము, వచ్చే నెల నుండి గురువారపు ఓపీ రద్దుచేయబడి, మధుమేహము సోమవారమునను, కీళ్ళవ్యాధులు శుక్రవారమునను చూడబడును. రెండునూ కలవారు తమకు ఏది ముఖ్యమో తేల్చుకొని రావలెను."

"అయితే నీకు శుక్రారం, నాకు సోమారం," అంది సువార్తమ్మ. "మధ్యలో శని ఆదివారాలు. బాగానే పెట్టారు."

"నేను శుక్రవారం వచ్చి నీకోసం ఆగితే?"

"సోమారం దాకా ఈ బల్ల మీదేనా వదినా? నీకూ నంబరేసి ఆ బీరువాల పక్కన నిలబెడతారు."

నవ్వుతూనే అంది గాని, ఆ వారం బిళ్ళలు నొక్కేటప్పుడు ఒకటి కింద పడేసుకుంది. ఆమె ఎప్పుడూ పడేసుకోదు. ఇంటికి వెళ్ళాక నాకు అన్నం సయించలేదు. నా రేకులు నేను పళ్ళతో చించుకుంటాననుకుందాం. రాత్రి వేసుకోవాల్సిన బిళ్ళ ఆమె పొద్దున వేసుకుని కళ్ళు తిరిగి పడిపోతే, ఆ సంగతి నాకెవరు చెబుతారు?

మరుసటి వారం, మా గురువారం మాకు ఉంచమని చీటీల కిటికీలో అడిగాను. అక్కడ చెప్పడానికే ఏర్పాటు ఉంది, వినడానికి లేదన్నారు.

వినే ఏర్పాటు అనుకోకుండా దొరికింది. బల్ల మీద పేపరు పైకి చదువుతుంటే గోవర్ధనం గారు అటుగా పోతూ ఆగారు. నెలాఖరున 'రోగి గళం' అని సభ ఉంది, రాజధాని నుంచి ముఖ్య అతిథి వస్తున్నారు, గళం ఉన్న రోగి ఇంకా దొరకలేదు.

"అమ్మా, దీర్ఘకాలిక రోగుల సమగ్ర ప్రాతినిధ్యం దృష్ట్యా తమరు మూడు నిమిషాలు మించకుండా స్పందించవలసి ఉంటుంది. స్పందన ముందుగా కార్యాలయంలో దాఖలు కావాలి."

"అంటే ఏం చెయ్యాలి నాయనా?"

"మాట్లాడాలి."

మాట్లాడతానన్నాను. ఆ బల్ల మీదే ప్రసంగం తయారుచేశాం. నేను చెప్పాను, సువార్తమ్మ రాసింది. కంటికి ఆనక వరసలన్నీ ఎగువకి ఎక్కాయి గాని మాటలు సరిగానే పడ్డాయి.

"పెద్దలకు నమస్కారం. నాకు కీళ్ళవాతం. ఈ జబ్బు చంపదు, వదలదు. పొద్దున లేచేసరికి వేళ్ళు నా మాట వినవు, నొప్పి. బిళ్ళ రేకులోంచి తీసుకోలేను. నా పక్కన కూర్చునే సువార్తమ్మకి షుగరు. ఆమె బిళ్ళ తీయగలదు, అది ఏ బిళ్ళో ఆమెకి కనపడదు. ఇద్దరం కలిస్తే ఒక మనిషికి సరిపడా ఆరోగ్యం ఉంది. అందుకని మా గురువారం మాకు ఉంచమని వేడుకుంటున్నాను."

ఆ కాగితం కార్యాలయానికి చేర్చాలంటే గేటు దాటాలి. గేటు దాటాలంటే నంబరు కావాలి. కిటికీలో నాగేంద్రమనే గుమాస్తా ఉన్నాడు.

"పేరు?"

"వీరాయమ్మ."

"మీది కాదు మామ్మా. లోపలికి పోయేది మీరా, ఇదా?"

"ఇదే. ప్రసంగం."

"ప్ర-సం-గం," అంటూ కొట్టాడు. "తండ్రి పేరా, భర్త పేరా?"

"ఆ ఇద్దరూ లేరు బాబూ. నేను చెప్పాను, ఈవిడ రాసింది."

"ఇద్దరు తల్లులు. సరే. వయసు?"

"ఇందాకే పుట్టింది," అంది సువార్తమ్మ.

"బాధ ఏమిటి?"

"మా బాధే."

"అలా రాస్తే ఇది తీసుకోదు మామ్మా. జ్వరం, దగ్గు, కడుపునొప్పి, ఇతరములు. ఏది?"

"ఇతరములు వెయ్యి నాయనా."

డ్యూటీ డాక్టరు కుర్రవాడు. పొద్దుట్నుంచి కుర్చీలను చూసి చూసి అలిసిపోయి ఉన్నాడు. ప్రసంగాన్ని బల్ల మీద వెల్లకిలా పడుకోబెట్టి, గడియారం చూసుకుంటూ, ఎగువకి ఎక్కిన వరసలు కూడబలుక్కుంటూ చదివాడు.

"మూడు నిమిషాలు దాటుతోంది. వాపుంది. నొప్పి కూడా కనపడుతోంది, నాలుగో వాక్యంలో. ఇలాంటివి ఇంటికి పంపితే ముదిరిపోతాయి. చేర్పించేయండి."

ఆడవాళ్ళ వార్డులో కిటికీ పక్కన మంచం ఇచ్చారు. ప్రసంగాన్ని దిండు మీద పెట్టి, గుండెలదాకా దుప్పటి కప్పి, ఫ్యానుగాలికి ఎగిరిపోకుండా సెలైన్ సీసా బరువు పెట్టారు. హెడ్‌నర్సు లలితకుమారి పూటపూటా వచ్చి జ్వరం చూసి, లేదని రాసేది. రొట్టే పాలూ తెచ్చి ముందు పెట్టేవాళ్ళు. ముట్టడం లేదు గనక ఆకలి మందగించిందని రాసి, ఆకలి పుట్టడానికి టానిక్కు రాశారు. రోగి దగ్గర ఒక మనిషి ఉండాలి కాబట్టి నేను స్టూలు మీద కూర్చున్నాను. సువార్తమ్మ ఊరికి పోకుండా వసారాలో పడుకుని, చూడవచ్చేవాళ్ళ వేళకి వచ్చి, మంచం కోళ్ళ దగ్గర నిలబడి, అందరిలాగే "ఎట్లా ఉంది?" అని అడిగేది.

పక్క మంచం ఆవిడని చూడటానికి వచ్చిన పెద్దమనిషి మా మంచం వైపు తొంగిచూశాడు.

"ఏం జబ్బమ్మా?"

"ప్రసంగం."

"అయ్యో. మా బావగారికీ ఉండేది. సర్పంచిగా ఓడిపోయాక తగ్గింది." వెళ్ళేటప్పుడు ఒక బత్తాయి దిండు దగ్గర పెట్టి పోయాడు.

మూడోనాడు గోవర్ధనం గారు పరివారంతో రౌండ్సుకి వచ్చారు. కీళ్ళ డాక్టరుగారూ షుగరు డాక్టరుగారూ మంచానికి చెరోపక్కా నిలబడ్డారు.

"నొప్పి ఉన్నది కనుక ఇది మా విభాగపు కేసు," అన్నారు కీళ్ళ డాక్టరు.

"షుగరు ఉన్నది కనుక మాది," అన్నారు షుగరు డాక్టరు.

"ఉభయ విభాగాల సమన్వయంతో ముందుకు పోదాం," అన్నారు గోవర్ధనం గారు. "ముందు ఆ నొప్పిని తొలగించండి. ముఖ్య అతిథి సమక్షంలో నొప్పి ఉండరాదు. ఆ స్థానంలో 'స్వల్ప అసౌకర్యం' అమర్చండి."

ఆపరేషన్ జరిగింది. నా చేత వేలిముద్ర వేయించుకుని, కాగితాన్ని పచ్చబట్టలో చుట్టి లోపలికి తీసుకుపోయారు. తలుపు మూసేటప్పుడు 'ఇప్పుడే తీసుకొచ్చేస్తాం' అన్నారు. ఆ మాట అనకుండా ఉంటే బాగుండేది. సువార్తమ్మ నా చెయ్యి పట్టుకుని కూర్చుంది. కత్తెరతో కోసి తీసిన 'నొప్పి'ని ఒక సీసాలో వేసి పరీక్షకి పంపుతుంటే, ఒకసారి చూస్తానని అడిగాను. చిన్న ముక్క. ఎన్నేళ్ళుగానో నాతో ఉన్నది, అంత చిన్నదనుకోలేదు.

పరీక్ష రిపోర్టు వచ్చింది. నొప్పి నిజమైనదే, అయితే ఈ ఆసుపత్రిలో పుట్టినది కాదు అని తేలింది. కార్యాలయంలో అందరూ తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నారు.

ఆపరేషన్ తరువాత ప్రసంగం నీరసించింది. రక్తం ఎక్కించాలన్నారు. గోవర్ధనం గారు పెద్దమనసుతో తన సొంత ప్రసంగం నుంచే ఇచ్చారు. అది బొట్టుబొట్టుగా ఎక్కింది. మర్నాడు చదివి చూస్తే, "నాకు కీళ్ళవాతం. ఈ మహత్తర అవకాశమును సద్వినియోగపరచుకొనుచున్నాను" అని ఉంది.

"ఒంటికి పడలేదు," అంది సువార్తమ్మ.

"పడుతుంది. సమయం ఇవ్వాలి," అంది లలితకుమారి.

అంతవరకూ నేను ఓర్చుకున్నాను. సభ ముందురోజు రౌండ్సులో గోవర్ధనం గారు చివరి వాక్యం మీద వేలు పెట్టారు. మా గురువారం మీద.

"ఇదేమిటి, ఇంత గట్టిగా ఉంది?"

"గడ్డ," అన్నారు కీళ్ళ డాక్టరు.

"గడ్డే," అన్నారు షుగరు డాక్టరు. వాళ్ళిద్దరూ ఒకమాట మీదికి రావడం అదే మొదలట. పరివారం చప్పట్లు కొట్టబోయి ఆగింది.

"రేపటికి తీసేయండి."

అది పోతే ప్రసంగంలో నమస్కారమూ మహత్తర అవకాశమూ తప్ప ఏమీ మిగలదు. ఏదో ఒకటి చెప్పాలి. చెప్పడానికే కదా నన్ను ఎంచుకున్నది. నాలుక పైకి లేవలేదు. సువార్తమ్మే మంచం కోళ్ళ దగ్గర్నుంచి ముందుకొచ్చింది. మసక చూపుతో, గోవర్ధనం గారనుకుని సెలైన్ స్టాండుకేసి తిరిగి మాట్లాడింది.

"గడ్డ కాదు సార్. అది దాని గుండెకాయ. ముట్టుకుంటే పోద్ది."

గోవర్ధనం గారి ముఖం గంభీరమైంది. "గుండె అంటున్నారా? స్పష్టంగా చెప్పండి. గుండె అయితే అది ఈ ఉభయ విభాగాల పరిధిలోకి రాదు."

"గుండే సార్," అన్నాను నేను. అప్పటికి నా నాలుక కదిలింది.

"గుండెజబ్బుల విభాగానికి పంపండి."

"ఆ డాక్టరు పోస్టు ఖాళీ సార్," అంది లలితకుమారి.

"ఎప్పుడు భర్తీ అవుతుంది?"

అది ఆసుపత్రిలో అడగదగ్గ ప్రశ్న కాదు.

"అయితే పోస్టు భర్తీ అయ్యేంతవరకు ఆ భాగాన్ని ఎవరూ ముట్టుకోరాదు," అని రాయించారు గోవర్ధనం గారు.

మర్నాడు సభ. తోరణాలు కట్టారు, పూలకుండీలకి చీటీలు రాయించారు. ముఖ్య అతిథి వచ్చారు. రోగి గళం వినిపించే వేళ అయింది. నేను వేదిక మెట్ల దగ్గర నిలబడ్డాను, చేతిలో ఏమీ లేదు. ఎందుకంటే ప్రసంగం ఇంకా వార్డులోనే ఉంది. డిశ్చార్జి కావాలంటే డాక్టర్లందరూ సంతకం పెట్టాలి, గుండె డాక్టరు సహా.

"కాగితం లేకపోతే ఏం సార్, నాకు కంఠతా వచ్చు," అన్నాను.

"అమ్మా, చికిత్సలో ఉన్న ప్రసంగాన్ని ఆవరణలో మరోచోట వినిపించడం నిబంధనలకు విరుద్ధం. ఒకే రోగి రెండుచోట్ల ఉండజాలదు."

గోవర్ధనం గారే మైకు ముందుకి వెళ్ళి, రోగుల ప్రతినిధి ప్రసంగం ప్రస్తుతం తమ పర్యవేక్షణలో ఉన్నదనీ, దాని పరిస్థితి నిలకడగా ఉన్నదనీ ప్రకటించారు. ముఖ్య అతిథి చలించిపోయారు. వెంటనే వార్డుకి వెళ్ళి పరామర్శించాలన్నారు. కెమెరాల వాళ్ళు వెంటపడ్డారు. ఆయన దుప్పటి సర్ది, ఆపిల్ పళ్ళ బుట్ట దిండు పక్కన పెట్టి, "ధైర్యంగా ఉండు, ప్రభుత్వం నీ వెంట ఉంది" అని కాగితంతో చెప్పారు. తరువాత స్టూలు మీది నన్ను చూసి, ఏమైనా ఇబ్బందులున్నాయా అని అడిగారు. నేను నోరు తెరిచాను.

"ఆమె రోగి కాదు సార్, రోగి తాలూకు మనిషి," అన్నారు గోవర్ధనం గారు.

"ఓహో," అన్నారాయన. పోతూ పోతూ, పూర్తిగా నయమయ్యేదాకా దీన్ని వదలవద్దని గట్టిగా ఆదేశించారు.

ఆ ఆదేశమే ఆసుపత్రిని చిక్కులో పెట్టింది. మంచం ఖాళీ చేయించాలి, కేసు వదలకూడదు. అంటే డిశ్చార్జి చేయకుండానే ఇంటికి పంపి, వారంవారం ఓపీలో చూపించాలి. ఏ రోజు చూపించాలన్న దగ్గర కంప్యూటరు ఆగిపోయింది. కీళ్ళని బట్టి శుక్రవారం, షుగరుని బట్టి సోమవారం. ఒకే నంబరు రెండు రోజులకి ఎక్కదు.

"రెండునూ కలవారు ఏది ముఖ్యమో తేల్చుకొని రావలెనని నోటీసులో ఉంది కదా సార్," అన్నాడు నాగేంద్రం.

"అయితే తేల్చుకోమనవయ్యా."

నాగేంద్రం ప్రసంగాన్ని అడిగాడు. అది తేల్చుకోలేదు. మనుషులైతే కసిరితే తేల్చుకునేవాళ్ళు.

రెండురోజులు ఫైలు పైకీ కిందికీ తిరిగి, కొత్త ఉత్తర్వు వచ్చింది. నేనే వార్డులో సువార్తమ్మకి చదివి వినిపించాను.

"ఉన్నతస్థాయి ఆదేశముల నేపథ్యమున, బహుళ వ్యాధులు కలిగి స్వయముగా తేల్చుకొనలేని సంక్లిష్ట కేసుల నిమిత్తము, ప్రతి గురువారము ప్రత్యేక ఓపీ నిర్వహించబడును. అట్టి కేసుల వెంట ఒక్కొక్క వ్యాధికి ఒక్కొక్క సహాయకురాలు విధిగా హాజరు కావలెను."

"మళ్ళీ చదువు వదినా."

మళ్ళీ చదివాను.

"ఎవరెవరు రావాలంట?"

"కీళ్ళ తరఫున నేను. షుగరు తరఫున నువ్వు."

సువార్తమ్మ ఆపిల్ పండు తీసి కొంగుతో తుడిచి, ముక్కలు కోసింది. షుగరున్నవాళ్ళు ఎంత తినచ్చో ఆమె తినేసి, మిగతా నాకు పెట్టింది.

ఆ నెల నుంచి నా కీళ్ళని నేను శుక్రవారమూ, తన షుగరుని ఆమె సోమవారమూ చూపించుకుంటున్నాం. ఎవరి మందులు వాళ్ళు తీసుకుని, విప్పకుండా దాచుకుంటాం. గురువారం ప్రసంగాన్ని తీసుకుని బల్ల మీద కూర్చుంటాం. అది మా ఇద్దరి మధ్య అట్ట మీద పడుకుని ఉంటుంది. నేను బిళ్ళలు చదువుతాను, ఆమె నొక్కుతుంది. సంక్లిష్ట కేసుల ఓపీకి వచ్చేది అదొక్కటే కాబట్టి వరస కూడా ఉండదు. డ్యూటీ డాక్టరు దాన్ని చూసి, నీరు ఎక్కువ తాగించమని చెప్పి పంపేస్తాడు.

పోయిన నెలలో ఒక గురువారం ఆయన ప్రసంగాన్ని అటూ ఇటూ తిప్పి, ముఖం విప్పార్చుకున్నాడు.

"మంచి కబురమ్మా. బాగా కోలుకుంది. నొప్పి లేదు, వాపు లేదు, మహత్తర అవకాశం కూడా ఒంటికి పట్టింది. గుండె పోస్టుకి కూడా ఎవరో వస్తున్నారట. వచ్చే వారం చూసి కేసు మూసేద్దాం."

కేసు మూస్తే మా గురువారమూ మూతే. బల్ల దగ్గరికి వచ్చి కూలబడ్డాను. నా ముఖం కనపడకపోయినా, నేను ఊపిరి తీసే తీరును బట్టి సువార్తమ్మకి తెలిసిపోయింది.

"నయమైపోతుందంటున్నాడా?"

"వచ్చే వారానికి."

సువార్తమ్మ సంచిలోంచి పెన్ను తీసి, మూత పళ్ళతో లాగింది.

"నిజం ఏదన్నా ఒకటి చెప్పు వదినా. రాసేస్తాను."

నేను చుట్టూ చూశాను. నిజాలకి కొదవ లేదు. దేన్ని ఎంచుకోవాలో తెలియలేదు. చివరికి ఒకటి చెప్పాను. "ఆడవాళ్ళ మరుగుదొడ్డి తలుపుకి గడియ లేదు. లోపలికి పోయిన మనిషి పాట పాడుతూ కూర్చోవాలి." వాక్యం ఎగువకి ఎక్కుతూ కాగితం అంచుదాకా పోయింది.

వారం తిరిగేసరికి ఇద్దరం లోపలికి తీసుకెళితే, డ్యూటీ డాక్టరు ఆ వాక్యం దగ్గర ఆగాడు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. మళ్ళీ చదివాడు. తలుపు దగ్గరగా వేసి వచ్చి, గొంతు తగ్గించాడు.

"ధైర్యం తెచ్చుకోండమ్మా. తిరగబెట్టింది. ఇంక ఇది తగ్గే రకం కాదు. మీరిద్దరూ ఓపిక చేసుకుని, బతికున్నన్నాళ్ళూ ప్రతి గురువారం తీసుకురావాల్సిందే."

నేను కొంగుతో కళ్ళొత్తుకున్నాను. ఆయన నన్ను ఓదార్చడానికి లేచి వచ్చాడు, పాపం. సువార్తమ్మ అప్పటికే తలుపు తీసి, బల్ల వైపు తడుముకుంటూ నడుస్తోంది, నా బిళ్ళల డబ్బా చేత్తో పట్టుకుని.